ఎడమకి బిగిసే నట్టు

మీకు ఒక నట్టు గురించి చెప్పాలి. అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కిందికి వంగనైనా వంగదు. దాన్ని నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఇక చేతకావడం లేదు. నా భార్యకి చెప్పలేదు. స్నేహితులకి చెబితే నవ్వుతారు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకి అలవాటైపోయింది. అందుకని మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలీదు. నా మాటకి నవ్వి తీరాలన్న మొహమాటం మీకు లేదు.

పేర్లు రాయను. నా పేరు సిగ్గు వల్ల, ఆవిడ పేరు మర్యాద వల్ల. ఆవిడని టీచరు గారు అంటాను. ఊళ్ళో అందరూ అలాగే అనేవారు.

కొత్తపేటకీ ఐనవిల్లికీ మధ్య, కాలవ గట్టు మీద ఉంటుంది మా ఊరు. డెబ్బైల చివర్లో నేను అమలాపురం కాలేజీలో ఫిజిక్సు చదివి, బి.ఎస్సీ. అనిపించుకుని ఇంటికొచ్చి కూర్చున్నాను. కొబ్బరికాయ కిందికే ఎందుకు పడుతుందో చెప్పగలిగిన ఏకైక మనిషిని మా వీధిలో నేనే. కిందికే పడుతుందని మా నాన్నగారికి నా చదువు ఖర్చు లేకుండానే తెలుసు. ఆ సంగతి ఆయన అప్పుడప్పుడు గుర్తుచేసేవారు.

టీచరు గారి ఇల్లు ఊరికి ఎడంగా ఉన్న పేటలో, చర్చికి అవతల. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దావిడ. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పనిచెయ్యకుండా పోయాయి. వాళ్ళ నాన్నగారు సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని బడికీ, తర్వాత టీచరు ట్రైనింగుకీ తిప్పి చదివించారు. నేను ఎరిగేనాటికి ఆయన లేరు. మిషన్ ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన చక్రాల కుర్చీలో ఆవిడ మా ఊరి ఎలిమెంటరీ స్కూలుకి వచ్చేవారు. వచ్చేవారు అనడం కూడా సరికాదేమో. తమ్ముడు బాబ్జీ తోసుకొచ్చేవాడు.

ఆ కుర్చీకి వెనకాల రెండు పెద్ద చక్రాలు. వాటిని చేతుల్తో తిప్పుకుంటూ వెళ్ళవచ్చు. ముందు మాత్రం రెండు బుల్లి చక్రాలు, ఆసుపత్రి గచ్చు మీద తిరగడానికి పుట్టినవి. మా గట్టు రోడ్డు ఇసక, ఎడ్లబండ్ల జాడలు, ఎక్కడపడితే అక్కడ కొబ్బరి డొక్కలు. ఆ బుల్లి చక్రాలు నాలుగు బారలు కూడా పోకుండా దిగబడేవి.

ఒకరోజు తూము దగ్గర అలాగే దిగబడితే నేను సైకిలు దిగి, బాబ్జీతో కలిసి కుర్చీ ఎత్తాను. ఆవిడ థాంక్సు చెప్పలేదు. వెనక చక్రాలు దిగకుండా ముందువే ఎందుకు దిగుతాయి అని అడిగారు. నేను కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. అక్కడే ఇసకలో పుల్లతో బొమ్మ గీశాను. చిన్న చక్రానికి ప్రతి గుంటా ఒక గోడ, పెద్ద చక్రం దాని మీదనుంచి అడుగేసి పోతుంది అన్నాను. ఆవిడ కాసేపు బొమ్మకేసి చూసి, అయితే ముందు కూడా పెద్ద చక్రం ఒకటి పెట్టి, ఆ బుల్లివాటిని నేలకి తగలకుండా పైకి ఎత్తేస్తే సరిపోతుంది కదా అన్నారు.

ఆలోచన ఆవిడదని దీన్నిబట్టి మీకు తెలుస్తూనే ఉంది. ఊళ్ళో అది నాదని చెప్పుకున్నారు. నేను ఖండించలేదు. ఇది చిన్న తప్పు. దీని కోసం కాగితం తియ్యలేదు.

మా బాబాయి రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసేవాడు. ఆయన కొట్టు వెనకాల లారీలకి వెల్డింగు చేసే షెడ్డు ఉంది. పిల్లల సైకిలు ముందు చక్రం, దాని ఫోర్కు అక్కడికి పట్టుకెళ్ళాను. ఫోర్కుకి ఒక గొట్టం అతికించాం. కుర్చీలో కాళ్ళు పెట్టుకునే చోట అడ్డంగా ఒక కడ్డీ, ఆ కడ్డీకి గొట్టాన్ని పట్టుకునే క్లాంపు. ఆ క్లాంపు బిగించడానికి గట్టి బోల్టు కావాలి. షెడ్డులో పాత సామాను డబ్బా కెలికితే సైకిలు పెడల్ని మోసే ఎడమవైపు క్రాంకు ముక్క, దాన్నే అంటుకున్న పెడల్ ఇరుసు దొరికాయి. ఇరుసు బోల్టయింది. క్రాంకు కోస్తే నట్టయింది.

సైకిలు తొక్కినవాళ్ళు లక్షమంది ఉంటారు గాని ఎడమ పెడల్ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. తొక్కుతుంటే ఊడిపోకుండా దాని మర ఉల్టాగా కోస్తారు. ప్రపంచంలో నట్లన్నీ కుడికి తిప్పితే బిగుస్తాయి. ఇది ఎడమకి తిప్పితే బిగుస్తుంది, కుడికి తిప్పితే వదులవుతుంది. అది తెలియనివాడు వదులు చేద్దామని తిప్పినకొద్దీ ఇంకా బిగిస్తాడు. ఆ రోజు నాకు దురుద్దేశం లేదు. డబ్బాలో అదే దొరికింది. ప్రమాణం చెయ్యమంటే చేస్తాను. నా ప్రమాణాల ఖరీదు చివరిదాకా చదివి మీరే కట్టండి.

మొదటిసారి బిగించినప్పుడు బుల్లి చక్రాల కింద అగ్గిపెట్టె తోసి చూశాం. దూరింది. అంటే అంత ఎత్తున లేచాయి, అది చాలు. టీచరు గారు గట్టెక్కి, వెనక చక్రాలు చేతుల్తో తిప్పుకుంటూ బయల్దేరారు. బాబ్జీ అలవాటు కొద్దీ రెండు చేతులూ ముందుకి చాపి వెనకాలే కొంతదూరం నడిచాడు. చేతుల మధ్య ఏమీ లేదు. కాసేపటికి వాడికే సిగ్గేసి ఆగిపోయాడు. ఆవిడ ఆగలేదు. కాలవ లాకులదాకా వెళ్ళి దీపాలవేళకి తిరిగొచ్చారు. లాకుల దగ్గర నీళ్ళు ఒకపక్క ఎక్కువ చప్పుడు చేస్తాయేం అని అడిగారు. పుట్టినప్పట్నుంచీ ఆ ఊళ్ళో ఉన్నారు. లాకులు చూడడం అదే మొదలట.

ఇక్కడిదాకా నేను మంచివాణ్ణి. ఇక్కడ ఆపేస్తే మీకూ నాకూ సుఖం.

ఆ చక్రానికి వారం వారం సేవ ఉండేది. రోజూ తీసి పెట్టుకోవడానికి కింద ఒక చీల ఉంది; అది లాగితే చక్రం ఊడొస్తుంది, ఇంట్లో ఎవరైనా చేస్తారు. అసలు పని క్లాంపుది. గట్టు రోడ్డు కుదుపులకి గొట్టం కొద్దికొద్దిగా జారి, వారం తిరిగేసరికి బుల్లి చక్రాలు మళ్ళీ నేల నాకేవి. నట్టు వదులు చేసి, గొట్టం సరిచేసి, అగ్గిపెట్టె పెట్టి చూసి, మళ్ళీ బిగించాలి. శనివారం సాయంత్రం వెళ్ళేవాణ్ణి. చక్రం ఇరుసుకి చుట్టుకున్న కొబ్బరిపీచు పిన్నీసుతో లాగడం, బురద ఎక్కిన బేరింగు గోళీలు కిరసనాయిల్లో కడిగి గ్రీజు పెట్టడం, ఆఖర్న నట్టు. నేను వంగి కూర్చుంటే నా వీపు తప్ప వాళ్ళకేమీ కనపడేది కాదు. నేర్పమని టీచరు గారు ఒకసారి అడిగారు. అది నా జీవనోపాధి అండీ అన్నాను. నవ్వారు. నిజాన్ని నవ్వులాటగా చెబితే ఎవరూ వెతకరని నాకు అప్పుడే తెలిసింది.

ఒక ఆదివారం నేను కొత్తపేట వెళ్ళిన సమయంలో గొట్టం జారింది. బాబ్జీ పెద్ద పానా తెచ్చి, కాలు తన్నిపెట్టి, అందరూ తిప్పినట్టే తిప్పాడు. నట్టు మరింత బిగిసింది. వాడి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. సాయంత్రం నేను వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి కూర్చుని, రెండోవైపు తిప్పి, ఊపిరి బిగబట్టి తీసేశాను. వాళ్ళమ్మగారు దేవమ్మ గారు చూసి, ఆ నట్టు నీ చేతికే లొంగుతుంది నాయనా అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. ఎటు తిప్పాలో చెప్పడానికి ఒక్క మాట చాలు. చెబుదామని నోరు తెరిచాను. అంతలో కాఫీ వచ్చింది. తెరిచిన నోరు దానికి ఉపయోగపడింది.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు, ప్రతిసారీ సమాధానం కొంచెం మారుతుంది, అందుకే దేన్నీ నమ్మను. ప్రేమ అని రాస్తే మీరు సగం శిక్ష తగ్గిస్తారు. కాబట్టి అది రాయను. అది నిజం కూడా కాదనుకుంటాను. అసలు సంగతి ఇంతకన్నా చిన్నది. మా ఇంట్లో నేనొక ఖర్చు. అక్కడ నా కోసం శనివారం ఎదురుచూసేవారు. నేను ఏదైనా హాస్యంగా అంటే టీచరు గారు వెంటనే నవ్వేవారు కాదు. ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుని, అది నిజంగా బాగుంటేనే, కాస్త ఆగి నవ్వేవారు. బాగుండకపోతే ఎందుకు బాగోలేదో చెప్పేవారు. అంత శ్రద్ధగా నన్ను ఎవరూ వినలేదు. పేటలో కాఫీ తాగుతున్నానని మా ఇంట్లో తెలిసింది. నాన్నగారు ఏమీ అడగలేదు. మా ఇంట్లో అడగకపోవడమే అడగడం. అయినా మానలేదు. పనుంది కదా, నట్టుంది కదా, అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. నట్టు లేకపోతే నేను ఏమని వెళ్ళాలి?

ఇప్పుడు అసలు తప్పు.

రెండో ఏడు వేసవి సెలవుల ముందు, పాస్టరు గారు రాజోలు వైపు నుంచి కబురు తెచ్చారు. అక్కడ ఆడపిల్లల బోర్డింగు స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్ కావాలి. టీచరు గారి చదువు, పాఠం చెప్పే తీరు విని, వస్తారా అని అడిగారు. ఉండడానికి గది, అమ్మగారు తోడు రావచ్చు. బాబ్జీకి ఇక్కడే కొబ్బరి దింపు దగ్గర కాయ లెక్కపెట్టే పని కుదిరింది కాబట్టి వాడు రాడు. స్కూలు లోపలంతా చదును గచ్చే గాని, గది నుంచి స్కూలుకి వెళ్ళాలంటే ఇసక దారి.

ఆ శనివారం నేను చక్రం దగ్గర కూర్చుని ఉండగా ఆవిడ అరుగు మీద నుంచి అడిగారు. ఆ మాటలు మాత్రం ఒక్కటి కూడా పోలేదు.

“నాకు వెళ్ళాలని ఉందండి. ఒక్కటే అడుగుదామని ఆగేను. ఈ బిగించే పని అక్కడ ఇంకెవరికైనా నేర్పగలరాండి?”

నేను తలెత్తలేదు.

“కష్టమండీ” అన్నాను.

“ఎంత కష్టమండి?”

ఆవిడ అలాగే అడుగుతారు. కష్టమంటే ఊరుకోరు, ఎంతో కావాలి. అక్కడైనా నేను ఆగి ఉంటే, తెలీదండీ, చూద్దాం అని ఉంటే బాగుండేది.

“చాన్నాళ్ళ అలవాటు ఉండాలండి. సరిగ్గా పడకపోతే దార్లో చక్రం ఊడిపోద్ది. మీరు బోర్లా పడిపోతారు. కొత్తవాళ్ళని నమ్మి పంపలేనండి.”

“మీరు వారం వారం రాజోలు రాలేరు కదండీ.”

“రాలేనండి.”

“ఆయ్” అన్నారు.

అంతే. లోపలికి వెళ్ళి దేవమ్మ గారు కాఫీ తెచ్చారు. నేను తాగాను. చల్లారింది కూడా కాదు.

మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు. నమ్మినట్టని చెప్పలేం. ఆ రోజుది నమ్మిన ఆయ్. ఎందుకంటే మర్నాడే పాస్టరు గారితో రాలేనని చెప్పించారు. కారణం అడిగితే, నా చక్రం చూసేవాళ్ళు అక్కడ లేరండి అన్నారట. పాస్టరు గారు ఆ మాట నాకు మెచ్చుకోలుగా చెప్పారు. అంత ముఖ్యమైనవాడివయ్యా నువ్వు అని భుజం తట్టారు.

నేను అబద్ధం ఎందుకంత సులువుగా ఆడానో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ముందుగా అనుకోలేదు. పడిపోతారని భయపెట్టాలని ఏ శనివారమూ పథకం వెయ్యలేదు. నోట్లోంచి సిద్ధంగా వచ్చింది, ఎన్నాళ్ళ నుంచో లోపల కూర్చుని వంతు కోసం చూస్తున్నట్టు. మంచివాళ్ళు ఇలాంటప్పుడు తడబడతారంటారు. నేను తడబడలేదు.

ఆ తర్వాత మార్పు ఒక్కటే వచ్చింది. ఆవిడ ప్రశ్నలు తగ్గాయి. స్కూలుకి వెళ్ళడం, రావడం, కాఫీ, నవ్వు, అన్నీ ఉన్నాయి. లాకుల వైపు వెళ్ళడం మానేశారు. దార్లో చక్రం ఊడితే పడిపోతారని నేనే కదా చెప్పాను.

మరుసటి ఏడు వానల్లో నాకు ఉద్యోగం వచ్చింది. వేరే ఊళ్ళో. చేరడానికి నేను వెనకా ముందూ ఆలోచించలేదు. ఆవిడ ఏ కారణానికి ఆగిపోయారో ఆ కారణం సంచి సర్దుకుని బస్సెక్కుతోందని నాకు తట్టడానికి ఒక పూట పట్టింది. తట్టిన తర్వాతైనా వెళ్ళి చెప్పానా? లేదు. చక్రం క్లాంపుతో సహా తీసుకుని రావులపాలెం వెళ్ళి, క్లాంపుకి మామూలు బోల్టు, మామూలు నట్టు వేయించాను. పాతది షెడ్డులోనే పారేశాను. తెచ్చి, ఇప్పుడు కొత్త రకం చేశానండి, ఇకనుంచి ఎవరైనా బిగించుకోవచ్చు అన్నాను.

బాబ్జీ పానా పెట్టి తిప్పాడు. హాయిగా తిరిగింది. వాడి మొహం వెలిగిపోయింది. టీచరు గారు వాడి చేతిని చూస్తున్నారు. పాతది ఇలా ఎందుకు తిరగలేదండీ అని అడిగారు. తుప్పు పట్టిందండి అన్నాను. వారం వారం నా చేత్తో గ్రీజు పెట్టిన నట్టు అది. ఆవిడ ఆ గ్రీజు డబ్బా ఎన్నిసార్లు అందించారో. నాకేసి కాసేపు చూసి, మళ్ళీ ఆయ్ అన్నారు.

ఈ రెండో ఆయ్ ఏ రకమో నాకు తెలీదు. ఇన్నేళ్ళలో నేను తెలుసుకోవాలనుకున్నవి చాలా ఉన్నాయి, చాలావరకు తెలుసుకున్నాను కూడా. ఇదొక్కటి తేలలేదు.

నేను వెళ్ళేముందు ఆదివారం చర్చికి రమ్మన్నారు. వెనక బెంచీ మీద కూర్చున్నాను. దేవమ్మ గారు లేచి, మా పిల్లకి కాళ్ళిచ్చిన అబ్బాయిని చల్లగా చూడు ప్రభువా అని నా పేరు చెప్పి ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. పక్కాయన మోచేత్తో పొడిస్తే నేనూ అన్నాను. బయటికొచ్చాక దేవమ్మ గారు పూతరేకులు పొట్లం కట్టి ఇచ్చారు. బస్సులో అవి తిన్నాను. బాగున్నాయి. బాగున్నాయన్న సంగతి కూడా రాయాలి కదా.

ఎనభైల మధ్యలో ఓ పెళ్ళికి ఊరెళ్ళి, ఆవిడని చూడడానికి వెళ్ళాను. దేవమ్మ గారు పోయారు. టీచరు గారు అదే స్కూల్లో, అప్పటిలాగే మూడో తరగతికి పాఠం చెబుతున్నారు; హెడ్‌మాస్టరుగా ఆవిడకన్నా చిన్నతను వచ్చాడు. చక్రం ఉంది. బాబ్జీ దానికి రంగు వేశాడు. నేను మా ఆఫీసు మీద ఏదో హాస్యం చెబితే, ఆగి, నవ్వారు. అప్పుడు తనంతట తనే రాజోలు స్కూలు మాట ఎత్తారు. నిష్ఠూరంగా కాదు. అక్కడికి వెళ్ళిన హెడ్‌మిస్ట్రెస్ గారు పిల్లల చేత పూలమొక్కలు వేయించారట. హెడ్‌మిస్ట్రెస్ గదికి తూర్పున కిటికీ ఉందట, అందులోంచి కాలవ, కాలవలో పడవలు కనిపిస్తాయట. వర్షాకాలంలో వరండాలోకి జల్లు కొడుతుందట, అందుకని తడికలు కట్టించారట. ఆవిడ ఎప్పుడూ వెళ్ళలేదు. అటునుంచి వచ్చినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ అడిగి తెలుసుకున్నారు. నాతో చెప్పేటప్పుడు ఆ కిటికీ ఎంత ఎత్తులో ఉందో చేత్తో చూపించారు. కుర్చీలో కూర్చున్న మనిషికి సరిపోయే ఎత్తు.

అప్పుడు కూడా చెప్పలేదు. చక్రం బాగుందండి అన్నాను. లేచి వచ్చేశాను.

ఆవిడ ఇప్పటికీ ఉన్నారు. రిటైరయ్యారని విన్నాను. ఇది చదువుతారో లేదో తెలీదు. చదివితే మొదటి నాలుగు వాక్యాల్లోనే నన్ను పోల్చుకుంటారు. పోల్చుకుని ఏమంటారో ఊహించే హక్కు నేను తీసుకోను. ఎదురుగా వెళ్ళి చెప్పవలసిందాన్ని ఇలా అచ్చులో చెప్పడం పిరికితనం కాదా అంటే, అవును, పిరికితనమే. క్షమించమని మిమ్మల్ని అడగను. ఇవ్వడానికి అది మీ దగ్గర లేదు.

అయితే ఒక పని మాత్రం చేస్తాను. ఆ శనివారం అరుగు మీద నుంచి ఆవిడ ఒక ప్రశ్న అడిగారు. దానికి సమాధానం ఇవ్వకుండా ఇంతకాలం తిరిగాను.

నేర్పగలనండి. పది నిమిషాల పని. ఎవరైనా చేస్తారు. మీరు వెళ్ళండి.